ఆదివారం ఐదింటి హెచ్చరిక

మోతీనగర్ చర్చిలో ఆరాధన ముగించుకుని, బిడ్డలకు అన్నం పెట్టి, కరుణాకుమారి ఫిల్మ్ నగర్ చేరేసరికి మూడు దాటింది. ఓ సినిమా కంపెనీలో కంప్యూటర్ల బాగోగులు చూడడం ఆమె పని. మర్నాటి షూటింగ్‌కు రమ్మని జూనియర్ ఆర్టిస్టులకు రోజూ సాయంత్రం ఐదింటికి సాఫ్ట్‌వేరే కబురు పంపుతుంది. రెండు ఆదివారాలుగా మాత్రం కబురు వెళ్లలేదు సరికదా, తెరమీద ఎర్రటి హెచ్చరిక వెలిగింది: ‘కాన్ఫిగరేషన్‌లో లోపం’. ఏ లోపమో చెప్పదు. తక్కిన ఆరు రోజులూ బుద్ధిగా పనిచేసేది ఆదివారమే ఎందుకు మొరాయిస్తోందో ఎవరికీ అంతుపట్టలేదు.

ఏజెంట్లున్నవాళ్లకు బెంగలేదు, వాళ్ల తరఫున ఏజెంట్లు ముందే ఒప్పుకుంటారు. చిక్కల్లా ఏజెంటు లేని భూలక్ష్మికే. ఐదున్నరలోగా ఆ కబురుకు ఫోనులో ‘వస్తాను’ అని నొక్కకపోతే, కబురే అందకపోయినా సరే, సాఫ్ట్‌వేర్ ‘రాలేదు’ అని రాసేసుకుంటుంది. అలా మూడుసార్లు పడితే జాబితాలో పేరే ఉండదు. ఆ రెండు ఆదివారాలకూ ఆమెకు ఇప్పటికే రెండు పడ్డాయి. ఎర్ర హెచ్చరిక ఉన్నంతసేపూ చేత్తో పేరెక్కించడానికీ వీల్లేదు. అందుకే బోరబండ నుంచి వచ్చి వరండాలో కాచుకుంది. వాచ్‌మన్ వెంకటరామయ్య తన కుర్చీ ఆమెకిచ్చి తాను మెట్టుమీద కూర్చున్నాడు.

"అక్కా, గీసారి గూడ కబురు రాకుంటే నా పేరు తీసేస్తరట గదా" అంది భూలక్ష్మి, కరుణాకుమారితో.

ఐదు కొట్టింది. తెర ఎర్రబడింది. కరుణాకుమారి సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే ఒకసారి ఆపి మళ్లీ వేయమన్నారు. వేసింది. నంబర్లు చూసింది, నెట్ చూసింది. ఐదూ పదిహేనైంది.

ప్రొడక్షన్ మేనేజర్ కాశీవిశ్వనాథం గారు రెండు కాఫీ గ్లాసులతో వచ్చి, ఒకటి ఆమె ముందు పెట్టారు.

"ఇప్పుడేం ముట్టుకోకమ్మా. ఆరయ్యాక చూద్దువుగాని. రాహుకాలం నడుస్తోంది."

ఆమె చెయ్యి ఆగిపోయింది.

"రాహుకాలం రోజూ ఈ వేళకేనా అండీ?"

"చర్చికెళ్లేదానివి, నీకెందుకమ్మా ఆ లెక్కలు" అని ఆయన నవ్వారు. "ఒక్కో రోజు ఒక్కో వేళ. ఆదివారమైతే నాలుగున్నర నుంచి ఆరు."

కరుణాకుమారి గబగబా ‘కబురు పంపకూడని వేళలు’ అన్న పేజీ తెరిచింది. ఏడు రోజుల రాహుకాలాలూ వరసగా ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ కొన్న కొత్తలో ఆయనే చెప్పి పెట్టించి మరిచిపోయారు. అప్పట్లో కబురు ఆరున్నరకు వెళ్లేది కాబట్టి ఏ రోజూ అడ్డు రాలేదు. ఆడవాళ్లు ఇల్లు సర్దుకోవడానికి కాస్త వ్యవధి ఉంటుందని, దాదాపు మూడు వారాల కిందట దాన్ని ఐదుకు జరిపింది తనే. పంపమని ఒకచోట, పంపొద్దని ఇంకోచోట. పాపం, అది మాత్రం ఏం చేస్తుంది?

"తప్పు నాదేనండీ" అని జరిగిందంతా చెప్పింది. ఐదూ ఇరవై రెండు. ఆ అడ్డు తీసే అధికారం ఆమెకుంది, ఒక్క నొక్కు చాలు. కానీ రాహుకాలమంటే ఆయన కొత్త పెన్ను కూడా తెరవరని ఆమెకు తెలుసు. అడగకుండా చేయబుద్ధి కాలేదు. భూలక్ష్మికి ఇది మూడోసారని మాత్రం చెప్పి ఊరుకుంది.

ఆయన వరండాకేసి చూసి గ్లాసు కింద పెట్టారు.

"ఈ ఒక్కరోజుకి తీసెయ్. నువ్వు నీ ప్రార్థన చేసుకుని నొక్కమ్మా. నేనూ నా స్వామిని తలుచుకుంటాను."

ఇద్దరూ కళ్లు మూసుకున్నారు. ఆమె నొక్కింది. ఎరుపు పోయి తెర పచ్చబడింది. అరవై రెండు కబుర్లు ఒక్కసారిగా బయలుదేరాయి. వరండాలో ఫోను టింగుమంది. కుర్చీ జరిగిన చప్పుడైంది. ఐదూ ఇరవై ఏడుకు భూలక్ష్మి పేరు పక్కన ‘వస్తాను’ అని పడింది.

వచ్చే వారం నుంచి ఆదివారం కబురు నాలుగింటికే పెట్టమని చెప్పి, కాశీవిశ్వనాథం గారు తాను ముట్టని కాఫీ గ్లాసు తీసుకుని వరండాలో భూలక్ష్మి దగ్గరికి నడిచారు.