వెచ్చబెట్టిన మందు

మధ్యాహ్నం రెండు గంటలకు హెలికాప్టర్ నన్ను మంచుకొండల మీది ఆర్మీ పోస్టులో దించి, రెక్కలు ఆపకుండానే వెళ్లిపోయింది. మైనస్ పద్దెనిమిది. ఎటు చూసినా మంచు. ఒక బంకర్, అందులో బుఖారీ పొయ్యి, కిరోసిన్ పొగ. సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు మధ్య పెరిగినవాణ్ని. ఆ నిశ్శబ్దం నాకు మొదటి రోజే నచ్చలేదు. నేను నర్సింగ్ అసిస్టెంటును. డాక్టర్ కింద బేస్‌లో ఉంటాడు, రేడియోలో మాత్రమే దొరుకుతాడు.

అక్కడ తెలుగువాళ్లం ముగ్గురం. రేడియో ఆపరేటర్‌ది వెల్గటూర్, వంటాయనది కోనరావుపేట. ఆ చలిలో ఏ వస్తువైనా వెచ్చబెట్టాకే వాడాలి. గుడ్లు, నూనె, బూట్లు, రేడియో బ్యాటరీలు. వంటాయన ఎవరూ అడగకుండానే అన్నీ వెచ్చబెట్టి ఉంచేవాడు. పోస్టుకు అమ్మ అని ఏడిపించేవాళ్లం.

ఫిబ్రవరిలో ఆపరేటర్‌కు నిమోనియా పట్టుకుంది. ఒళ్లు కాలిపోతోంది, కఫం తుప్పు రంగులో పడుతోంది. బయట మంచు తుఫాను, హెలికాప్టర్ రాదు. నా దగ్గర పెన్సిలిన్ పొడి పెద్ద సీసాలు రెండే ఉన్నాయి. పొడిగా ఉన్నంతకాలం ఆ మందు మొండిది. నీళ్లు కలిపామంటే విరిగి, పనికిరాకుండా పోవడం మొదలవుతుంది. చల్లగా ఉంటే నెమ్మదిగా, వేడి తగిలితే గబగబా. క్రిమి తన చుట్టూ గోడ కట్టుకుంటేనే బతుకుతుంది; విరిగిన మందుకు ఆ గోడను ఆపే శక్తి ఉండదు. అందుకే ఒక సీసా కలిపి, మొదటి సూది వేసి, మిగిలింది ఉన్ని గుడ్డలో చుట్టి తలుపు పక్క గూట్లో పెట్టాను. అక్కడ గడ్డకట్టదు, వేడెక్కదు.

మొదటి రోజు జ్వరం కాస్త దిగింది. "ఇగ బతికినట్టేనే," అన్నాడు ఆపరేటర్. "ఇంటికి పోయినంక మా బిడ్డకు చెవులు కుట్టియ్యాలె." మర్నాడు జ్వరం మళ్లీ ఎక్కింది. ఒక్క సూదీ తప్పలేదు, మరి ఎందుకో అర్థం కాలేదు.

సాయంత్రం సూదికి కాస్త ముందే గూటి దగ్గరికి వెళ్లాను. సీసా లేదు. బుఖారీ మీద వేడినీళ్ల మగ్గులో నిలబడి ఉంది. మందు పసుపుపచ్చగా మారింది.

"ఇదేంది తమ్మీ?" అన్నాను వంటాయనతో.

"సల్లటి మందు ఎక్కిస్తే నొప్పి లేస్తది గదన్నా. పసిపిల్లకు నూనె గూడ ఎచ్చజేసే రాస్తరు. నిన్నటి సంది ఎచ్చజేసి, సూది టైంకు మళ్ల గూట్ల పెడుతున్న."

కోపం రావాల్సింది. భయమేసింది. రెండో సీసా కలిపి సూది వేశాను. రేడియోలో బేస్ డాక్టర్‌ను పట్టుకున్నాను.

"పేషెంట్‌కు ఊపిరి అందట్లేదు. హెలికాప్టర్ ఎప్పుడు? ఓవర్."

"మబ్బు విడవాలి. మందు ఆపకు. ఓవర్."

మబ్బు మర్నాడు ఉదయం విడిచింది. ఆపరేటర్ అంతకు ముందే పోయాడు.

"నేను ఎచ్చజేసుడుతోనేనా అన్నా?" అని అడిగాడు వంటాయన.

"తెల్వది తమ్మీ. మంచి మందు పడ్డా పోయేటోళ్లుంటరు."

అది నిజమే. అయినా వాడు నా మొహం మీంచి చూపు తిప్పుకోలేదు.

ఇప్పుడు కోరుట్లలో మందుల దుకాణం నడుపుతున్నాను. పిల్లల మందు పొడి సీసా ఇచ్చిన ప్రతిసారీ, నీళ్లు కలిపాక చల్లగా ఉంచమని రెండుసార్లు చెబుతాను. జనం విసుక్కుంటారు. విసుక్కోనీ. వంటాయన ఊళ్లో వ్యవసాయం చేసుకుంటున్నాడు. కలిసినప్పుడు వానల గురించి మాట్లాడుకుంటాం.

ఒక్కటి మాత్రం నన్ను వదలదు. హెలికాప్టర్ దిగుతోంది. రెక్కల గాలికి మంచు లేస్తోంది. స్ట్రెచర్ మీద ఆపరేటర్. వంటాయన చేతి తొడుగులు తీసేసి, దుప్పటి కింద చేతులు పెట్టి, ఆ పాదాలను రుద్దుతున్నాడు. "సల్లగున్నయన్నా," అంటున్నాడు నాతో. "జరంతసేపు పైలట్‌ను ఆగుమను. ఎచ్చగైతయి."