చెంబులో మిగిలిన చీట్లు

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్ళ వయసులో, దేవుడు నన్ను చెడ్డదానిగా ఎంచుకున్నాడని వారం రోజులు గట్టిగా నమ్మాను. అలా నమ్మించింది మా తాతయ్యే.

ప్రత్తిపాడు దగ్గర మా ఊరి చర్చిలో ఆయన ఉపదేశి. పాస్టరు గారు నెలకోసారి వచ్చేవారు, మిగతా ఆదివారాలు తాతయ్యవే. లోకంలో జరిగేదంతా దేవుడు ముందే రాసిపెట్టాడని ఆయన వాదం. మిరపకాయల తొడిమలు తీస్తూ నాయనమ్మ ఊరుకునేది కాదు. "ఏమండీ, మన చేలో బొబ్బర తెగులు కూడా ఆయనే రాశాడా?" అనేది. "రాయకుండా ఎట్టా వస్తుందే?" అనేవాడు తాతయ్య. "మరి తెగులు మంచిదేనంటారా?" అని అడిగితే కండువా దులిపి భుజాన వేసుకుని బయటికి నడిచేవాడు.

ఏటా మంచి శుక్రవారం నాడు సండే స్కూలు పిల్లలం నాటకం వేసేవాళ్ళం. యేసును పట్టిచ్చిన యూదా వేషమంటే అందరికీ హడల్. ముందటేడు ఆ వేషం వేసినవాణ్ణి ఏడాది పొడుగునా "ఒరేయ్ యూదా" అనే పిలిచారు. అందుకని ఆ ఏడు తాతయ్య చీట్లు వేశాడు. చీటీ తీసేది మన చెయ్యే అయినా ఎంపిక దేవుడిదే అని చెప్పి, ఇత్తడి చెంబు మొదట నా ముందే పెట్టాడు. నాకేమో సిలువ దగ్గర నిలబడే మరియ వేషం మీద ప్రాణం. కళ్ళు మూసుకుని తీశాను. యూదా.

మిగతా వేషాలు తనే పంచుతానని చెంబు లోపలికి తీసుకెళ్ళాడు. నాకు అనుమానమే రాలేదు. ఇంతమందిలో దేవుడు నన్నే ఎంచాడంటే నాలో ఏదో చెడు చూసే ఉంటాడనుకున్నాను. నాయనమ్మ డబ్బాలోంచి దొంగిలించిన బెల్లం గుర్తొచ్చింది. అన్నం సయించలేదు. ప్రార్థనకు కళ్ళు మూసుకోవాలన్నా భయమేసేది. నాటకంలో యేసు వేషం పక్కింటి అన్నయ్య వేశాడు. యూదా ముద్దు పెట్టి భటులకు ఆయన్ని చూపించాలి. ఆడపిల్ల బుగ్గ మీద ముద్దు పెడితే ఊరు ఒప్పుకోదు గనక చేతికే పెట్టాను. అయినా జనం "ఛీ" అన్నారు. నాకేమీ వింతనిపించలేదు. దేవుడన్న మాటే వాళ్ళూ అన్నారనుకున్నాను.

మర్నాడు ఈస్టరు పండక్కి సామాన్లు తోముతుంటే ఆ చెంబు చేతికొచ్చింది. చీట్లు ఇంకా అందులోనే ఉన్నాయి. నాకు దక్కని మరియ చీటీ ఒకసారి చూసుకుందామని విప్పాను. యూదా. ఇంకోటి విప్పాను. యూదా. మిగిలిన పదకొండూ యూదాలే, తాతయ్య గుండ్రటి చేతిరాతలో.

కల్లంలో మిరపకాయలు తిరగేస్తున్న ఆయన ముందు వాటిని పారేశాను. దబాయిస్తాడనుకున్నాను. దబాయించలేదు.

"పరాయివాళ్ళ బిడ్డకొస్తే వాళ్ళు చర్చికే రావడం మానేస్తారమ్మా. నువ్వైతే మన పిల్లవి, ఓర్చుకుంటావనుకున్నా."

"మరి దేవుడు ఎంచాడన్నావుగా?"

తాతయ్య తల దించుకున్నాడు.

"నిజం యూదాకి కూడా ఇట్టాగే చేశారా తాతయ్యా? అన్నీ అవే చీట్లు వేసి తియ్యమన్నారా?"

"ఏమోనే తల్లీ. నాకు తెలీదు," అన్నాడు. ఆయన నోట ఆ మాట నేను విన్నది అదే మొదలు. కారం చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాడు. మంట పుట్టే ఉంటుంది. నేను నీళ్ళు తెచ్చివ్వలేదు.

ఈస్టరు ఆరాధనలో అందరి ముందూ నిజం చెబుతాడని ఎదురుచూశాను. చెప్పలేదు. ఏడాదంతా ఊరు నన్ను యూదా అనే పిలిచింది, ఆయన వింటూ ఉండిపోయాడు.

తాతయ్యను ఆ తరవాత కూడా ప్రేమించాను, మంచాన పడ్డప్పుడు సేవ చేశాను. మునుపటిలా నమ్మడం మాత్రం చేతకాలేదు. దేవుణ్ణి నమ్మడం మానలేదు, ఆ చీట్ల మీద ఉన్నది దేవుడి చేతిరాత కాదు కదా! కానీ ఫలానాది దేవుడే రాశాడని ఎవరైనా అంటే, మిగతా చీట్లు విప్పి చూడందే నేనొప్పుకోను.

చాలా ఏళ్ళ తరవాత మా పెద్దబ్బాయి చీమకుర్తి వైపు ఒక క్వారీలో క్రేను తాడు తెగి, రాయి మీదపడి పోయాడు. క్వారీ తరఫు మనిషి మా గుమ్మంలో నిలబడి, "ముందే రాసిపెట్టి ఉందమ్మా, మనం ఆపగలమా?" అన్నాడు. అంత ఏడుపులోనూ అడిగాను, "తెగిన ఆ క్రేను తాడు ఎన్నాళ్ళ కిందటిది బాబూ?" అని.

అతనూ మా తాతయ్యలాగే తల దించుకున్నాడు.