నాయన ఎత్తిన బానెట్

పోయిన ఎండాకాలం చిత్తూరులో మా నాయన జారిపడి కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. పుత్తూరు కట్టు కట్టిద్దామని నా కొత్త కార్లో తీసుకుపోతుంటే, అది నడిరోడ్డు మీద ఆగిపోయింది. వెనక లారీలు ఒకటే హారన్లు.

మా పాత అంబాసిడర్‌ను ఏ మెకానిక్‌కూ ఇవ్వకుండా, ఆదివారాలు తనే విప్పి బాగుచేసుకున్న మనిషి ఆయన. నొప్పిని పంటిబిగువున ఓర్చుకుంటూ దిగి, ఎడమచేత్తో బానెట్ ఎత్తినాడు. లోపలంతా నల్లటి ప్లాస్టిక్ మూత.

"దీంట్లో చెయ్యి యాడ పెట్టేదిరా?" అని నా మొహం చూసినాడు.

నాకూ తెలీదు. షోరూముకు ఫోన్ చేస్తే, దేన్నీ ముట్టుకోవద్దన్నారు. కారును రోడ్డు పక్కకు తోయించి, ఆటోలో పుత్తూరు చేరినాం.

కట్టుతో చెయ్యి బాగానే అతుక్కుంది. ఇప్పటికీ ఆదివారం వస్తే ఆయన ఆ చేత్తో నా కారు తుడుస్తాడు. బానెట్ దగ్గరికొచ్చేసరికి ఆ చెయ్యి ఆగిపోతుంది.