అప్పారావు గారి సైకిలుకు మూడో చక్రం

పెట్రోలు బంకుల ముందు కార్లు వీధి మలుపు దాకా బారులు తీరిన ఏడాది అది. అప్పట్లో నేను యాంగోన్ నగరంలో, బోటాటౌంగ్‌లోని ఒక సైకిల్ దుకాణంలో సర్వీసు మేనేజరుగా పనిచేస్తున్నాను. ఆ దుకాణం ఉన్న భవనం ఒకప్పుడు మా తాతగారి బియ్యం గోడౌన్లలో ఒకటి. ప్రభుత్వం జాతీయం చేసినప్పుడు చేజారి, ఎన్నో చేతులు మారి చివరికి సైకిల్ దుకాణమైంది. నేను అక్కడ జీతానికి చేరినప్పుడు బంధువులు నొచ్చుకున్నారు. వాన పడితే ఆ కప్పు ఎక్కడ కారుతుందో నాకు ముందే తెలుసు కాబట్టి ఉద్యోగంలో కుదురుకోవడానికి పెద్దగా ఇబ్బంది పడలేదు.

మా దుకాణంలో సైకిళ్లు అమ్మడం తక్కువ, బాగుచేయడం ఎక్కువ. పంక్చర్లు, చక్రాల బెండు తీయడం, చైను మార్చడం రోజువారీ పని. అన్నిటికన్నా పెద్దది ఓవరాయిలింగ్. బండిని పూర్తిగా విప్పి, బాల్ బేరింగులను కిరోసిన్లో కడిగి, కొత్త గ్రీజు పెట్టి తిరిగి బిగించడాన్ని అలా అంటారు. నగరం నడిబొడ్డుకు మోటారు సైకిళ్లను రానివ్వరు. పెట్రోలు కరువు కూడా తోడయ్యాక గుమాస్తాలు, టీచర్లు, రేవు పనివాళ్లు మూలన పడేసిన సైకిళ్లన్నీ మా గడప ఎక్కాయి.

నా హయాంలో రెండు నియమాలు ఉండేవి. మొదటిది, పార్టు వచ్చి ఉండగా రాలేదని చెప్పకూడదు. ఈ వృత్తిలో ఆ మాట చెప్పని దుకాణం అరుదు. రెండోది ట్రయల్. ఓవరాయిలింగ్ అయిన బండిని ముందు మెకానిక్, తర్వాత సొంతదారు నాలుగు వీధులూ చుట్టి తీసుకురావాలి. ఆ తర్వాతే బండి అప్పగిస్తాం. ఇందులో ఎవరికీ మినహాయింపు లేదు. మా యజమాని బావమరిదికి కూడా ఇవ్వలేదు.

ఆ రోజుల్లో అప్పారావు గారు తన సైకిలును ఓవరాయిలింగుకు తెచ్చారు. డెబ్భై దాటిన మనిషి. వాళ్ల నాన్నగారు మా తాతగారి గోడౌన్లో టాలీ క్లర్కు, అంటే పడవలోంచి దిగే బస్తాలను లెక్కపెట్టే గుమాస్తా. అందువల్ల నా జుట్టు నెరిసినా ఆయన నన్ను చినబాబుగారూ అనే పిలిచేవారు. నేను వద్దనలేదు. చౌక్తడా పేటలో ఒక పప్పుల వర్తకుడి దగ్గర ఆయన ఉదయం పూట లెక్కలు రాస్తారు. బస్సుల్లో నిలబడలేరు. ఉండేది నాలుగో అంతస్తు. సైకిలు లేకపోతే ఆ పని పోతుంది. పని పోతే ఆయన మెట్లు దిగడానికి వేరే కారణం ఉండదు.

బండి విప్పుతూ మా మెకానిక్ కో టున్ నన్ను పిలిచాడు. ఎడమ పెడలు ఇరుసు వంగింది. ఎడమ బ్రేకు పిడి చివర గీసుకుపోయింది. హ్యాండిల్ ఎడమ పట్టు రబ్బరు చిరిగింది. కుడివైపు మాత్రం చెక్కుచెదరలేదు. ఫోర్కు వంగలేదు, రిమ్ము సొట్టపడలేదు. అంటే ఆయన దేన్నీ గుద్దలేదు. ఆపినచోటే ఎడమకు ఒరిగి పడుతున్నారు.

మర్నాడు ఆయన కూతురు పద్మ వచ్చింది. ఆమె కూడా చౌక్తడాలోనే, ఒక వకీలు ఆఫీసులో టైపిస్టు. ఇక్కడి పిల్లలందరిలాగే పెద్దవాళ్లను ఊలే అంటుంది, బాబాయి లాంటి మాట.

"ఊలే, నాన్నకి సైకిలు ఇవ్వొద్దు. పార్టు రాలేదని సెప్పండి, సాలు."

ఎన్నాళ్లు చెప్పమంటావని అడిగాను.

"ఆయన మర్సిపోయేదాకా."

ఆయన జ్ఞాపకశక్తి ఆయన పెడలుకన్నా మెరుగైన స్థితిలో ఉందని చెప్పాను. ఆమె నవ్వలేదు.

"నెలలో మూడు తూర్లు పడ్డాడు. నాలుగో తూరి నేను ఆఫీసులో ఉంటాను. అప్పుడు ఎవులు సూత్తారు?"

సరిహద్దు వర్తకం దెబ్బతిని ఆ నెలలో చాలా పార్టులు నిజంగానే రాలేదు. అయితే ఈ బండికి కావలసినవన్నీ అల్మారాలో ఉన్నాయి. అబద్ధం ఆడనన్నాను. ట్రయల్ బాగా చేస్తే బండి ఇస్తాను, చేయలేకపోతే ఇవ్వను, ఆ సంగతి ఆయన మొహం మీదే నేను చెప్తాను అన్నాను. చెప్పడం తన వల్ల కాదనీ, నేనే చెప్పాలనీ మాట తీసుకుని వెళ్లింది.

ట్రయల్ రోజున అప్పారావు గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, లుంగీ మోకాళ్ల దాకా ఎగగట్టి వచ్చారు. మా గడప మెట్టు మీద కాలు ఆనించి ఎక్కారు. తొక్కడంలో వంక పెట్టడానికి లేదు. వెన్ను నిటారుగా ఉంది, హ్యాండిల్ వణకలేదు. నాలుగు వీధులూ చుట్టి మా ముందుకు వచ్చి, "బ్రేకు బాగుంది చినబాబుగారూ!" అని అరుస్తూ వెళ్లిపోయారు. ఆయన బ్రేకు వేయలేదు.

రెండో చుట్టులో "బెల్లు కూడా బాగుంది!" అన్నారు. మూడో చుట్టులో ఏమీ అనలేదు. చొక్కా తడిసిపోయింది. అప్పటికి విషయం మా అందరికీ అర్థమైంది. నాలుగో చుట్టులో కో టున్ పక్కన పరుగెత్తి సీటు పట్టుకున్నాడు. నేను హ్యాండిల్ పట్టుకున్నాను. ఇద్దరం కలిసి ఆయన్ని దింపాం. పద్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"బండి నచ్చి ఇంకో రౌండు ఎల్లేను," అన్నారు అప్పారావు గారు.

కుర్చీ వేయించి, టీ తెప్పించి, ఆయనకు తొక్కడం వచ్చుననీ, దిగడం చేతకావడం లేదనీ చెప్పాను. బండి ఈ రూపంలో ఇవ్వనన్నాను. ఆయన టీ మొత్తం తాగాక, ఎడమ మోకాలు మాట వినడం లేదని ఒప్పుకున్నారు.

అడ్డకడ్డీ లేని సైకిలు చూపించాను.

"ఆడోల సైకిలా? సీర కూడా మీరే ఇత్తారేటి?"

అప్పుడు సైకా సంగతి ఎత్తాను. ఇక్కడ అద్దెకు తిరిగే రిక్షాను సైకా అంటారు. మామూలు సైకిలుకు కుడిపక్కన ఒక చక్రం, దాని మీద వీపులు ఆనించుకుని కూర్చునే రెండు సీట్లు ఉంటాయి. మూడు చక్రాలు కాబట్టి ఆగినా ఒరగదు. కాలు నేల మీద పెట్టనవసరం లేదు.

ఆయన లేచి నిలబడ్డారు. "సైకా తొక్కుకునే ఓడిలా కనపడుతున్నానా? మీ తాతగారి గోడౌన్లో మా అయ్య టాలీ క్లర్కు!"

"ఇదే ఆ గోడౌను. నేనిక్కడ నెల జీతానికి మీ పెడలు సరిచేస్తున్నాను," అన్నాను.

ఆయన కప్పు వైపు, గోడల వైపు చూశారు. మళ్లీ కూర్చున్నారు. "సీట్లు మాత్రం ఒద్దు. ఉత్త సెక్రం పెట్టండి," అన్నారు.

సైకిలు గొట్టాలకు రెండుచోట్ల, వెనక ఇరుసుకు ఒకచోట పట్టీలు వేసి పక్క చక్రం బిగించాం. బరువు పెరిగింది కాబట్టి వెనక పళ్ల చక్రం పెద్దది వేశాం, తొక్కడం తేలికవుతుంది. సీట్ల స్థానంలో ఒక చెక్క పలక ఉంచాం. రెండో ట్రయల్‌లో కో టున్ తొక్కాడు. కుడికి తిరిగిన ప్రతిసారీ పక్క చక్రం గాల్లోకి లేచింది. ఖాళీ సైకాకు ఆ గుణం ఉంది. పలక మీద బరువు ఉండి తీరాలి. ఇసుక సంచి వేద్దామన్నాడు కో టున్. పనికిరాని బరువు మోస్తే ముసలి మోకాలు ఇంకా పాడవుతుందన్నాను.

నేను పద్మను అడిగాను, ఆమె రోజూ ఎన్ని గంటలకు ఆఫీసుకు వెళ్తుందని. ఆమెకు వెంటనే అర్థమైంది.

"నన్ను బస్తాలాగ ఎక్కిత్తారా ఊలే?"

సాంకేతికంగా అవసరమన్నాను.

"అమ్మో! ఆఫీసోలు సూత్తే? టైపిస్టు సైకాలో దిగిందంటారు."

"నాను తొక్కితే లేని సిగ్గు, కూకుంటే నీకేటి?" అన్నారు అప్పారావు గారు.

పద్మ సరేనంది. పలక తీసేసి ఒక సీటు బిగించాం. వెనక్కి తిరిగి ఉండేది కావాలంది పద్మ, తెలిసినవాళ్లు ఎదురొస్తే మొహం కనిపించదట. చివరి ట్రయల్ తండ్రీకూతుళ్లు కలిసి చేశారు. ఆయన మా ముందు బ్రేకు వేసి ఆపారు. బండి నిలబడింది. ఆయన సీటు మీదే తీరిగ్గా కూర్చుని మా వైపు చూశారు. తర్వాత కుడికాలు అడ్డకడ్డీ మీదుగా తెచ్చి ఎడమకాలి పక్కన పెట్టి, ఎవరి సాయమూ లేకుండా దిగారు. దిగడానికి చాలాసేపు పట్టింది. బండి కదలకుండా ఆగింది. అప్పగింత పత్రం మీద సంతకం పెట్టాను.

తిరుగు ప్రయాణంలో పద్మ ఉండదు కాబట్టి ఆయన ఇంటికి కావలసిన మంచినీళ్ల పెద్ద సీసాలు సీటు మీద కట్టుకుని వచ్చేవారు. దారిలో జనం చెయ్యెత్తి ఆపేవారట, రేవుకు ఎంత అని అడిగేవారట. ఆయన "ప్రైవేట్" అని ఒక్క మాట చెప్పి సాగిపోయేవారని పద్మ తర్వాత చెప్పింది. ఒక ముసలావిడను మాత్రం ఆసుపత్రి దాకా దింపారట. ఇస్తానన్న డబ్బు తీసుకోకపోగా కోప్పడ్డారట.

సైకిలు బాగుచేయడం అంటే దాన్ని కదిలేలా చేయడం అని ఈ వృత్తిలో నేర్పుతారు. మనిషి క్షేమంగా ఆగి దిగడం కూడా ఆ పనిలో భాగమే. ఆ నెలలోనే ట్రయల్ నియమాన్ని మార్చాను. దుకాణం ముందు నేల మీద తెల్లరంగుతో ఒక గీత గీయించాను. సొంతదారు నాలుగు వీధులూ చుట్టి వచ్చి ఆ గీత దగ్గర ఆగి, తనంతట తాను దిగాలి. అలా దిగితేనే బండి ఇవ్వాలి. నేను రిటైరయ్యాక వచ్చిన మేనేజరు చాలా మార్చాడు. ఆ గీతకు మాత్రం ఏటేటా రంగు వేయిస్తున్నాడు.