నూనె పూసిన వాలు

నేను స్కీయింగ్ నేర్చుకున్నది మంచు మీద కాదు. బహ్రెయిన్‌లో, నువైద్రాత్ దగ్గర మా కంపెనీ సామాన్లు పెట్టుకునే యార్డులో, ప్లైవుడ్ చెక్కల మీద. ఈ మాట ఎవరితో అన్నా ముందు నవ్వుతారు, తర్వాత "అదెలా?" అని అడుగుతారు. ఆ రెండో ప్రశ్న అడిగేవాళ్ళంటే నాకు ఇష్టం. చిన్నప్పటినుంచీ నాకూ అదే జబ్బు. లిఫ్టు ఎక్కితే తాడు ఎక్కడుంది, ఇస్త్రీపెట్టె కొంటే లోపల ఏముంది అని అడిగి అమ్మ ప్రాణం తీసేదాన్ని.

అయితే ఈ కథ మొదలైంది కుతూహలంతో కాదు, ఉక్రోషంతో.

ఆ ఏడాది డిసెంబరు సెలవులకు జార్జియా వెళ్దామనుకున్నాం. ఇక్కడ ఉండే మనవాళ్ళకు అది మామూలైపోయింది. మంచు చూడాలంటే అదే దగ్గర. మా అమ్మాయికి అప్పుడు పదకొండేళ్ళు. భోజనాల దగ్గర కూర్చుని, అక్కడ ఎవరెవరు ఏం చేయాలో చెబుతోంది.

"నాన్నా నేనూ స్కీయింగ్ చేస్తాం. అమ్మ బ్యాగులు చూసుకుంటుంది."

ఎగతాళిగా అనలేదు. పప్పులో నెయ్యి వేసుకుంటూ, ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పింది. మా ఆయన కూడా అవునన్నట్టు తల ఊపి పెరుగు గిన్నె అందుకున్నాడు. 

కోపం వచ్చినా ఎవరిమీద చూపించాలి? అది చెప్పింది నిజమే. సముద్రానికి వెళ్తే చెప్పులూ తువ్వాళ్ళూ నా దగ్గరే. వాటర్ పార్కుకు వెళ్తే ఫోన్లూ కళ్ళజోళ్ళూ నా ఒళ్ళోనే. ఎవరో ఒకరు కూర్చోవాలి కదా అని ఒకసారి కూర్చున్నాను. ఆ తర్వాత అది నా చోటైపోయింది. కాకినాడలో సైకిలు మీద చేతులు వదిలేసి తొక్కిన పిల్లని నేను. ఆ పిల్ల ఎక్కడ దిగిపోయిందో ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు. ఇంకో రెండేళ్ళు పోతే మా అమ్మాయి నన్ను ఎక్కడికీ రమ్మని అడగదు, అడగాలని దానికి తోచదు. ఆ భయం నన్ను పట్టుకుంది. ఎలాగైనా ఆ కొండ మీద నుంచి దానితో పాటు దిగాలని పంతం పట్టాను. ఇంట్లో మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెప్పి పడితే ఆ నవ్వులు భరించలేను.

బుదైయాలో మేం అద్దెకుండే ఇంటి పక్క విల్లాలో ఆస్ట్రియా నుంచి వచ్చిన పెద్దావిడ ఉండేది. భర్త పోయాడు, తనూ సొంత ఊరికి వెళ్ళిపోతూ ఇంట్లో సామానంతా తోటలో పరిచి, కావలసినవాళ్ళని తీసుకెళ్ళమంది. పూలకుండీల కోసం వెళ్ళిన నాకు గోడకు ఆనించి ఒక జత స్కీలు కనిపించాయి. పక్కనే ఇనుములా బరువున్న బూట్లు.

"ఈ ఎండల దేశానికి వీటిని ఎందుకు తెచ్చుకున్నారు?" అని అడిగాను.

వాళ్ళాయన వాటిని వదిలి రానన్నాడట. ఏడాదికోసారి బయటికి తీసి తుడిచి మళ్ళీ లోపల పెట్టేవాడట. ఆవిడ నన్ను వరండాలో నిలబెట్టి, ఆ బూట్లు తొడిగించి, టక్కుమని స్కీలకు తగిలించింది. బూట్లు నాకు బాగా పెద్దవి. మూడు జతల మేజోళ్ళు వేసుకోమంది. తర్వాత నా రెండు మోకాళ్ళూ పట్టుకుని లోపలికి వంచి, స్కీల ముందు కొసలు దగ్గరికి, వెనక కొసలు దూరంగా పెట్టించింది. ఆగాలంటే ఇంతే, ముందు ఆగడం నేర్చుకో, వెళ్ళడం దానంతటదే వస్తుంది అని ఇంగ్లీషులో చెప్పింది. కుండీలు మర్చిపోయి స్కీలు భుజాన వేసుకుని ఇంటికొచ్చాను. వాటిని బాల్కనీలో బట్టలారేసే స్టాండు వెనక దాచాను.

కానీ కాళ్ళు అలా పెడితే ఎందుకు ఆగుతాం? ఆ రాత్రి అదే ఆలోచన. మర్నాడు పళ్ళెంలో మైదాపిండి పోసి, రెండు అట్లకాడల కొసలు కలిపి తోసి చూశాను. రెంటి మధ్యా పిండి పోగుపడి అడ్డంపడింది. ఓహో, ఇదన్నమాట అనుకున్నాను. ఆ మైదా పారేయలేక సాయంత్రం పరోటాలు చేశాను. ఇద్దరూ బావున్నాయన్నారు.

ఇక వాలు కావాలి. నేను అద్లియాలో ఉన్న మా కంపెనీ ఆఫీసులో డ్రాయింగులు గీస్తాను. మెట్లు, కార్ల పార్కింగు ర్యాంపులు, చక్రాల కుర్చీల దారులు, అన్నీ నావే. ఇన్నేళ్ళూ నేను గీసిన వాలులన్నీ ఎవరూ జారకుండా ఉండడానికే. జారడానికి వాలు కావాలంటే ఎవరినడగాలి? మా షట్టరింగ్ మేస్త్రీ గుర్తొచ్చాడు. కాంక్రీటు పోసేముందు చెక్కలతో అచ్చు కడతారే, ఆ పనిలో ఆయన చెయ్యి తిరిగినవాడు. జగిత్యాల వైపు మనిషి, యాభైకి దగ్గర పడ్డవాడు. గల్ఫ్‌లో ఏ దేశమైనా ఆయనకు దుబాయే. ఓసారి డ్రాయింగు అర్థంకాక ఆఫీసుకొచ్చి, నేను తెలుగు మాట్లాడేసరికి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అప్పటినుంచీ నా డ్రాయింగులో తప్పు దొరికితే నేరుగా నాకే ఫోను.

యార్డుకు వెళ్ళి సంగతి చెప్పాను. ఆయన ముక్కున వేలేసుకున్నాడు.

"దుబాయికచ్చి పద్దెనిమిదేండ్లాయె మేడం. పొద్దున లేస్తే లెవెల్ సూసుడే నా పని. ఇంచు వాలితే ఇంజనీరు తిట్టె. మీరేంది, వాలే కావాలంటున్రు?"

"అవును మేస్త్రీ గారూ. ఇదిగో డ్రాయింగు."

కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఎంత ఎత్తు నుంచి దిగుతరు? మనిషి బరువెంత?" అన్నాడు. నేను బరువు చెప్పాను. ఓ రెండు కిలోలు తగ్గించి చెప్పాననుకోండి. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "సరే, డబుల్ సపోర్టు ఏస్త," అన్నాడు.

యార్డు ఇన్‌ఛార్జి మలయాళీ. శుక్రవారం పొద్దున ఎవరూ ఉండరు, పాత చెక్కలు వాడుకోండి, కాలు విరిగితే నాకు తెలియదు అన్నాడు.

శుక్రవారం పెసరట్లు కట్టుకుని, ఇంట్లో 'యార్డులో పని' అని చెప్పి వెళ్ళాను. అబద్ధం కూడా కాదు. మనిషెత్తు కట్టడం, ఎక్కడానికి మెట్లు, అక్కణ్ణించి తొమ్మిది మీటర్ల వాలు, చివర ప్లాస్టరింగు ఇసుక కుప్ప సిద్ధంగా ఉన్నాయి. చెక్కల అతుకుల్లో గోరు దూరదు. చెక్క తళతళలాడుతోంది. ఎందుకంత మెరుస్తోందని అప్పుడే అడిగి ఉంటే బాగుండేది. లిఫ్టు తాడు గురించి అడిగే నేను ఆ ఒక్క ప్రశ్న మాత్రం అడగలేదు.

పైకెక్కి, బూట్లు తగిలించి, మోకాళ్ళు వంచి, కొసలు దగ్గరికి పెట్టి, ఊపిరి బిగబట్టి కదిలాను. అంతే నాకు తెలుసు. తర్వాత తెలిసింది ఇసుక రుచి. కుప్పలో నడుం దాకా దిగబడ్డాను. ఒక స్కీ ఊడి సిమెంటు బస్తాల పక్కన పడింది.

మేస్త్రీ పరిగెత్తుకొచ్చి లేపాడు. "దెబ్బ తాకిందా మేడం?"

"దేనిమీద దిగానండీ నేను?" అని అరిచాను. నా చేతులనిండా జిడ్డు.

"షట్టరింగ్ ఆయిల్ పూసిన. మంచిగ రెండు కోటింగులు."

"ఎందుకూ?"

ఆయన నన్ను వింతగా చూశాడు. "చెక్కకు ఏదన్న అంటొద్దంటే నూనె పూయాలె గద? కాంక్రీటుకు గట్లనే పూస్తం. మీరు జారాలంటిరి."

ఆయన లెక్కలో తప్పేం లేదు. కాంక్రీటు అంటుకోకూడదు, మేడం అంటుకోకూడదు. నాకు కోపం వచ్చి, ఆ వెంటనే నవ్వొచ్చి, ఇసుకలోనే కూలబడ్డాను. ఆయన కూడా ముందు బిత్తరపోయి తర్వాత నవ్వాడు. పెసరట్లు తింటూ ఇద్దరం ఆ వాలు వంక చూస్తూ కూర్చున్నాం.

"అసలు మంచు ఎట్లుంటది మేడం? జారుతదా, పట్టుకుంటదా?" అన్నాడు.

"రెండూ అనుకుంటా. నేనూ చూళ్ళేదు."

"రెండూ జేసేది కావాలె అయితె," అని లేచాడు. రంపపు పొట్టు చల్లి నూనెంతా తుడిచేశాడు. తర్వాత మూలనున్న చుట్టలు దొర్లించుకొచ్చాడు. ఏదో విల్లా తోటకు పరచగా మిగిలిన ప్లాస్టిక్ గడ్డి. దాన్ని చెక్కలకు మేకులతో కొట్టి, పైపుతో తడిపాడు. ఈసారి ముందు ఒక ఇటుకను వదిలి చూశాడు, తర్వాత నన్ను వదిలాడు. గడ్డి స్కీని పట్టుకుంది, నీళ్ళు జారనిచ్చాయి. సగం దూరంలో మోకాళ్ళు లోపలికి వంచాను. ఆగాను! నా అంతట నేను, నా కాళ్ళతో, వాలు మధ్యలో ఆగాను. అక్కడే నిలబడి వెర్రిదానిలా చప్పట్లు కొట్టుకుని మళ్ళీ పడ్డాను.

అలా ఇంకో మూడు శుక్రవారాలు వెళ్ళాను. మోచేతులు దోక్కుపోయాయి. ఇంట్లో అడిగితే తగిలాయంటూ రకరకాల తలుపుల పేర్లు చెప్పాను. మేస్త్రీ కిందనుంచి "కొసలు, కొసలు!" అని అరిచేవాడు. ఆయనకు నాకంటే ఎక్కువ పట్టింది ఆ పిచ్చి. ప్రతివారం ఏదో ఒకటి మార్చి ఉంచేవాడు. ఒకవారం పైన వాలు పెంచాడు, ఇంకోవారం చిన్న మలుపు పెట్టాడు.

జార్జియాలో మంచు దగ్గరికి వెళ్ళగానే మా అమ్మాయి తన బ్యాగు అలవాటుగా నావైపు చాచింది. నేను తీసుకుని, లాకరులో పెట్టి, తాళం తిప్పాను.

"మరి నువ్వెక్కడ కూర్చుంటావు?" అంది.

"కూర్చోను."

నాకూ ఒక జత స్కీలు అద్దెకు తీసుకున్నాను. కొత్తవాళ్ళ కోసం ఉన్న చిన్న వాలు అది. పైకి వెళ్ళాక కిందకి చూసి అమ్మాయి మొహం పాలిపోయింది. వాళ్ళ నాన్న అప్పటికే ఒకసారి పడి, కింద కంచె పట్టుకుని కూర్చున్నాడు. "అమ్మా, ఆగడం ఎలా?" అంది చిన్న గొంతుతో. మైదాపిండి గురించి, అట్లకాడల గురించి చెప్పాను. నోరు తెరిచి వింది. "నువ్వు ముందు వెళ్ళు, నీ వెనకే వస్తా," అంది. దిగాను. మంచు గడ్డిలా గరగరమనలేదు, చప్పుడు లేకుండా కాళ్ళకింద నుంచి తప్పుకుంటోంది. ఇది జారుతుంది, పట్టుకుంటుంది కూడా అని మేస్త్రీకి చెప్పాలనుకుంటూ ఉండగానే పక్కకి పడ్డాను. మా అమ్మాయి కొసలు దగ్గరపెట్టి, వణుకుతూ వచ్చి, సరిగ్గా నా పక్కన ఆగింది. "నువ్వెప్పుడు నేర్చుకున్నావ్?" అంది. చెప్పబోతే సంతోషంతో ఏడుపొచ్చింది. ఆ రోజు ఇద్దరం చేతులు పట్టుకుని ఎన్నిసార్లు దిగామో, ఎన్నిసార్లు పడ్డామో.

తిరిగొచ్చాక మొదటి శుక్రవారం అమ్మాయిని తీసుకుని యార్డుకు వెళ్ళాను. వాలు ఇంకా విప్పలేదు. "బిడ్డ సూస్తదేమోనని ఉంచిన," అన్నాడు మేస్త్రీ. ఫోనులో వీడియో చూపించాను. మా మొహాలు చూడకుండా, మంచునే వేళ్ళతో పెద్దది చేసుకుని చూశాడు. కింద నేల గట్టిగుంటదా, ఎండకు కరిగితే మళ్ళ ఎవరు పరుస్తరు, తడి ఎంతుంటది, అన్నీ అడిగాడు. నాకు తెలిసినవి చెప్పాను.

"మీరు ఎప్పుడైనా దీనిమీద దిగారా?" అని అడిగాను.

"నేనా? నేను కట్టేటోణ్ణి మేడం. ఈ దుబాయిల ఎన్నో స్విమ్మింగ్ పూల్లకు షట్టరింగ్ గొట్టిన. ఒక్కదాంట్ల కాలు వెట్టలే."

నిష్ఠూరంగా అనలేదు. ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పాడు. ఆ స్వరం నాకు బాగా తెలుసు. ఆ రోజు పప్పన్నం ముందు మా అమ్మాయి నోట విన్నాను.

అమ్మాయితో కారులోంచి స్కీలూ బూట్లూ తెప్పించాను. ఆయన వద్దు వద్దంటూనే చుట్టూ చూశాడు. శుక్రవారం కదా, ఎవరూ లేరు. చెక్కల దొంతి మీద కూర్చుని బూట్లు తొడుక్కున్నాడు. కొలిచి చేయించినట్టు సరిపోయాయి. పైకెక్కి నిలబడ్డాక జేబులు గుర్తొచ్చాయి. ఫోను, సీపీఆర్ గుర్తింపు కార్డు, పనిముట్ల పెట్టె తాళం, కొలత టేపు, చెవి మీది పెన్సిలు ఒక్కొక్కటీ తీసి చేతిలో పెట్టుకున్నాడు.

"గివన్ని ఏడ వెట్టాలె?"

నేను రెండు చేతులూ చాచాను. "ఇలా ఇవ్వండి."

"మీకెందుకు మేడం..."

"ఇవ్వండి మేస్త్రీ గారూ. ఈ పనిలో నాకు చాలా అనుభవం ఉంది."

ఇచ్చాడు. నేను దొంతి మీద కూర్చుని అన్నీ ఒళ్ళో సర్దుకున్నాను. కింద ఇసుక కుప్ప పక్కన మా అమ్మాయి చేతులు చాపి నిలబడి, "యల్లా అంకుల్, రండి! కొసలు, కొసలు!" అని అరిచింది. ఆయన ఒకసారి నావైపు చూసి, మోకాళ్ళు వంచి బయలుదేరాడు. పెన్సిలు దొర్లిపోకుండా గుప్పిట్లో పట్టుకుని, నేను చూస్తూ కూర్చున్నాను.