మావయ్యగారికి ఒక్క ఆట

నేను బాగా ఆడతాను. గొప్పలు కాదు, బందరు క్లబ్బులో ఎవరినైనా అడగండి. అందుకే బ్యాంకాక్‌లో యాభై దాటిన మగవాళ్లకి అంతర్జాతీయ టేబుల్ టెన్నిస్ జట్టు పోటీలున్నాయని వాట్సాప్‌లో చూడగానే, మనం వెళ్తున్నాం అని బావకి ఫోన్ చేసి చెప్పేశాను. అడగలేదు, చెప్పాను. బావంటే మా అక్క మొగుడు, గుడివాడలో పళ్ల డాక్టరు. మూడో మనిషి అవనిగడ్డ మావయ్యగారు. పిలుపుకే మావయ్య, చుట్టరికమేం లేదు. డెబ్బైకి దగ్గరపడ్డారు. ఎరువుల కొట్టు కొడుక్కి అప్పజెప్పి, బస్సెక్కి బందరొచ్చి మరీ మాతో ఆడతారు.

జట్టు పోటీలో అయిదు ఆటలు. మూడు గెలిచినవాళ్లు నెగ్గినట్టు. మొదటి ఇద్దరూ రెండేసి ఆడాలి, మూడోవాడికి ఒక్కటే. కెప్టెన్ని నేనే. మొదటి పేరు మావయ్యగారిది ఇచ్చాను. పెద్దాయన్ని వెనక్కి నెట్టి నా పేరు చెప్పడానికి నోరెలా వస్తుందండీ? మా వైపు కాఫీ కూడా పెద్దవాళ్లకిచ్చాకే మనం తాగుతాం.

మొదటి రోజు ఆయన రెండూ ఓడారు, మేమూ ఓడాం. రెండో రోజు ఆయన మళ్లీ రెండూ పోగొట్టారు. బావా నేనూ చచ్చీ చెడీ మిగతా మూడూ గెలిచి గట్టెక్కాం.

మూడో రోజు జర్మనీవాళ్లతో. ఓడితే పెట్టె సర్దుకోవడమే. బావ నన్ను పక్కకి లాక్కెళ్లాడు.

"ఆయనకి ఒక్క ఆటే ఇవ్వరా."

"నువ్వే చెప్పు బావా."

"ఫోటోలకి నువ్వు కెప్టెనూ, తిట్లకి నేనూనా?"

ఒళ్లు మండింది. నిజమే మరి! గబగబా వెళ్లి, "మావయ్యగారూ, ఇవాళ మీరు మూడో స్థానమండీ. ఒక్కటే ఆట" అనేశాను. ఆయన "సరే" అని, బ్యాటు తుడుచుకుంటూ వెళ్లి గోడ పక్కన కూర్చున్నారు. నా ప్రాణం ఉసూరుమంది. "అయిపోయింది, ఇక జన్మలో నీతో మాట్లాడరు" అని బావ నాకు ధైర్యం చెప్పాడు.

మొదటి ఆట నేను గెలిచాను. రెండోది బావ ఓడి, గొణుక్కుంటూ వచ్చాడు. మూడోది మావయ్యగారిది. అబ్బ, ఏం ఆడారండీ! బల్లకి బాగా వెనక నిలబడి, అవతలివాడు బాదిన ప్రతి బంతినీ కిందికి కోసి తిప్పి పంపారు. ఆ జర్మనీ ఆయన కొట్టీ కొట్టీ, చివరికి బంతిని వలకే కొట్టేశాడు. ఇన్నాళ్లూ ఈ కాళ్లు ఎక్కడ దాచారా అనుకున్నాను.

చెమటలు కక్కుతూ వచ్చి నా పక్కన కూర్చున్నారు.

"కోపం లేదు కదండీ?" అన్నాను.

"కోపమా? రెండాటలంటే నా మోకాళ్లు పనిచెయ్యవురా. మొదటి రోజే చెప్దామనుకున్నాను. పెద్దవాణ్ణని ముందు పెట్టారు, కాదంటే మీరెక్కడ చిన్నబుచ్చుకుంటారోనని ఊరుకున్నాను."

బావ తల పట్టుకున్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

"ఇంకా కూర్చున్నావేం? నీ రెండో ఆట పిలుస్తున్నారు. వెళ్లి గెలిచి రా" అన్నారు మావయ్యగారు.

వెళ్లాను. ఆ ఆటలో వరసగా మూడు గేములూ కొట్టి, జట్టుని నెగ్గించి వచ్చాను. ఆ వారమంతటికీ నేను పెద్దాయనకి ఇచ్చిన నిజమైన గౌరవం అదొక్కటే.