చిన్నాయిన బ్రేకు

మా చిన్నాయిన సగం వయసు ఎడ్లతో గడిపి, ఆ తర్వాతే కారు నేర్చుకున్నాడు. అందుకే బ్రేకు తొక్కిన ప్రతిసారీ, అరక ఆపినట్టు "హో... హో..." అనేవాడు. ఆ మాట రాకుండా ఆయన కాలు కదిలేది కాదు. మేమంతా నవ్వేవాళ్లం.

చిట్యాల దాటాక కొత్త కారు ఆగకుండా పోయి కల్వర్టును గుద్దిన పొద్దున నేను వెనక సీట్లో ఉన్నాను. గుద్దే ముందు ఆయన "హో... హో..." అని అరిచాడు. పక్క సీట్లో ఉన్న చిన్నమ్మ కాలు విరిగింది.

షోరూం మేనేజరు బండి నడకంతా రాసుకునే పెట్టెకు వైరు తగిలించి, ల్యాప్‌టాప్ చూసి తేల్చేశాడు. "బ్రేకు నొక్కినట్టు డేటాలో లేదు. కునుకు తీసి ఉంటాడు."

"గదేందో మాకు జర సూపియ్యున్రి సారూ," అన్నాడు చిన్నాయిన.

"డేటా కంపెనీది. కస్టమర్లకు చూపించం."

బండి మాదట, అది రాసుకున్నది మాత్రం వాళ్లదట! నా చెవులతో నేను విన్నది సాక్ష్యం కాదట, ఎవరికీ చూపించనిది సాక్ష్యమట! ఊరు కూడా ఆ మాటే పట్టుకుంది. "నిద్రవొయ్యి పెండ్లాం కాలు ఇరగ్గొట్టిండు" అంది.

"ఎడ్లు ఎన్నడూ నా మీద చాడీలు జెప్పలే బిడ్డా," అన్నాడాయన. మళ్లీ స్టీరింగు పట్టలేదు.

మొన్న తొర్రూరు బస్సులో నా పక్కనే కూచున్నాడు. రోడ్డుకు అడ్డంగా మేక ఉరికింది. డ్రైవరు కంటే ముందే చిన్నాయిన "హో... హో..." అన్నాడు. ఆయన కుడికాలు బస్సు నేలను తొక్కిపట్టింది. బస్సు ఆగినా ఆ కాలు లేవలేదు.

ఆ మేనేజరును మెడబట్టి ఈడ్చుకొచ్చి, ఆ కాలు ముందు కూచోబెట్టాలనిపించింది.